మావయ్య చెరువు పెరిగిపోయింది

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల మా మావయ్యకి రొయ్యల చెరువుంది. నాలుగున్నర ఎకరాలు. ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో మా తెలుగువాళ్ళకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాగితాల దగ్గరికొచ్చేసరికి నెట్ షాపు కుర్రాడు.

సముద్రతీరం దగ్గర రొయ్యలు పెంచాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, 5 ఏళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. లేకపోతే రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీ వాళ్ళు వెనామీ రకం పిల్ల ఇవ్వమంటారు. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం ప్రకారమైతే రిజిస్ట్రేషన్ లేని సాగుకి 3 ఏళ్ళ దాకా జైలు కూడా ఉండేది. 2023లో సవరణ తెచ్చి జైలు తీసేశారు, జరిమానాతో సరిపెట్టారు. మంచి పనే. రొయ్యలు పెంచుకునేవాణ్ణి దొంగల పక్కన కూర్చోబెట్టడం ఏం న్యాయం? మావయ్య మాత్రం జైలే నయమంటాడు. అక్కడ ఓటీపీ అడగరట.

ఎందుకంటే ఆ ఓటీపీ వెళ్ళేది సూరత్‌కి. ఆధార్‌కి తగిలించింది మా బావ ఫోన్ నంబరు. గంజాం కుర్రాళ్ళలో సగం మంది లాగే వాడూ అక్కడ మగ్గాల్లో నైట్ డ్యూటీ. ఇక్కడ షాపు తెరిచే వేళకి అక్కడ వాడు నిద్ర. వాణ్ణి లేపడానికి పక్క గదివాడికి ఫోన్ చెయ్యాలి. పక్క గదివాడిదీ నైట్ డ్యూటీయే.

ఎలాగో రెన్యువల్ దరఖాస్తు పడింది. అదే వారం మావయ్య పిల్ల వదిలాడు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా నేను ఒకటే అడిగేవాణ్ణి: "ఫైలు ఎందాకా వచ్చింది మావయ్యా?"

"వంద కౌంటుకొచ్చిందిరా."

కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. రొయ్య ఎదిగే కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. మావయ్యకి నెలలూ తారీఖులూ పట్టవు, కాలమంతా కౌంటులోనే. ఎనభై కౌంటప్పుడు "పెండింగ్" అని చూపించింది. అరవై కౌంటప్పుడు సర్వర్ పని చెయ్యలేదు. యాభై కౌంటుకి తనిఖీ వాళ్ళొచ్చారు.

ముగ్గురొచ్చారు. ఒకాయన గట్టు మీద నిలబడి ఫోన్‌లో కొలుచుకున్నాడు. చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ కొలిచాడు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరులో అరిచి మరీ అడిగాడు, "మిగతా చెరువులెక్కడ?"

"మిగతావేటండీ? ఇదే."

"దరఖాస్తులో నాలుగున్నర హెక్టార్లు రాశారు కదా!"

పట్టాలో ఉన్నది ఎకరాలు, డెసిమిళ్ళు. ఫారంలో అడిగింది హెక్టార్లు. నెట్ షాపు కుర్రాడు 4.50 అని ఉన్నది ఉన్నట్టు దించేశాడు. అసలు లెక్క 1.82 హెక్టార్లు. 2 హెక్టార్లు దాటని చెరువు కాస్తా దాటేసింది. దాటితే పర్యావరణానికి హాని లేదని విడిగా విచారించి తేల్చాలని చట్టంలోనే ఉంది. ఫైలు ఇన్నాళ్ళూ పెద్దమనుషుల దారిలో తిరుగుతోందన్నమాట.

ఆయన మంచివాడే. నవ్వాపుకుని, పక్క చెరువు కూడా మీదేనేమో చూసుకోండన్నాడు. పక్క చెరువాయన గట్టు మీదే ఉన్నాడు, ఆయన నవ్వలేదు. ఇంతలో అత్త మజ్జిగ తెచ్చింది. తాగి వెళ్తూ, మిగిలిన 2.68 హెక్టార్లు ఏమయ్యాయో రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు.

మావయ్య రాత్రంతా ఆలోచించాడు. నాతో తెల్ల కాగితం మీద రాయించాడు: "అయ్యా, ఆ భూమి నా దగ్గర ఎప్పుడూ లేదు. ఉంటే మా అబ్బాయి సూరత్ వెళ్ళేవాడు కాదు."

సంతకం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని నెట్ షాపుకి వెళ్ళాం. కుర్రాడు సవరణ పేజీ తెరిచాడు. విస్తీర్ణం గడి దగ్గర వాడి వేలు ఆగగానే మావయ్య మౌస్ మీద చెయ్యేశాడు.

"ఆగరా బాబూ, ముందు కేలిక్యులేటర్ తియ్యి."

లెక్క సరిగ్గానే పడింది. సబ్‌మిట్ నొక్కితే ఓటీపీ అడిగింది. టైము పదకొండు. సూరత్‌లో ముసుగుతన్ని పడుకునే వేళ. నలభై కౌంటుకి రొయ్యల పట్టుబడి చేసేద్దామని మావయ్య వలల వాళ్ళకి ఫోన్ కలిపాడు.