ఆ పిల్ల ఇంటిపేరు ఎవరూ అడగలేదు

మొన్న రాత్రి ఫ్యామిలీ గ్రూపులో బావగారితో మళ్లీ గొడవైంది. ఆయన పెట్టిన వీడియో ఫేక్ అన్నాను. "నీకు ప్రతిదీ అబద్ధమేనమ్మా" అన్నారు. అసలు పచ్చి అబద్ధాలంటే నాకంత భయం లేదు. 2025 మేలో కరాచీ పోర్టు ధ్వంసమైపోయిందని మన టీవీల్లో రాత్రంతా ఊదరగొట్టారు, తెల్లారేసరికి పోర్టు ఎక్కడిదక్కడే ఉంది. అటు పాకిస్తాన్ వైపు నుంచి వీడియో గేమ్ క్లిప్పులు నిజం యుద్ధమంటూ తిరిగాయి. ఇలాంటివాటి ఆయుష్షు రెండు మూడు రోజులే. నా టెన్షన్ అంతా సగం చెప్పి సగం మింగేసే వాళ్లతోనే.

మా మేనమామ 1990లో కువైట్‌లో డ్రైవర్. కడప జిల్లా నుంచి అప్పటికే చాలామంది అక్కడుండేవాళ్లు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. ఎలాగో జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి, కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. అలా తిరిగొచ్చిన భారతీయులు లక్షన్నరకు పైనే. సైన్యం దౌర్జన్యం కళ్లారా చూసిన మనిషి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఇరాక్ అధ్యక్షుడు సద్దాంను వెనకేసుకు రావడానికని అనుకోకండి.

అదే ఏడాది అక్టోబర్ 10న, అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి కూర్చుని ఏడ్చింది. తను ఆస్పత్రిలో సాయం చేస్తుండగా ఇరాక్ సైనికులు వచ్చారని, ఇంక్యుబేటర్లలోని పసికందులను తీసి చల్లటి నేల మీద చావడానికి వదిలేశారని చెప్పింది. పేరు నయీరా. ఇంటిపేరు మాత్రం చెప్పలేదు, కువైట్‌లో ఉన్న తనవాళ్లకు ప్రమాదమట. ఆ మాటను ఎవరు కాదనగలరు? అధ్యక్షుడు బుష్ ఆ కథను మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆమ్నెస్టీ అంతటి మానవ హక్కుల సంస్థ కూడా 312 మంది పిల్లలని లెక్క రాసింది. 1991 జనవరి 12న ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా సెనేట్ 52-47 ఓట్లతో ఊ కొట్టింది. మద్దతిచ్చిన సెనేటర్లలో కొందరు ఆ పసిపిల్లల మాటే ఎత్తారు.

ఏడాది గడిచాక, 1992 జనవరిలో, జాన్ మెకార్థర్ అనే జర్నలిస్టు ఆ ఇంటిపేరు బయటపెట్టాడు. ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆమెను ఆ కుర్చీ దాకా తెచ్చింది హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ కంపెనీ, అంటే డబ్బు తీసుకుని ప్రచారం చేసిపెట్టే సంస్థ. దానికి ముట్టిన ఫీజు కోటి డాలర్ల పైమాట, దాదాపు అంతా కువైట్ ప్రభుత్వం సొమ్మే. ఇంక్యుబేటర్ల కథకు ఆధారం దొరకలేదని ఆమ్నెస్టీ 1991 ఏప్రిల్‌లోనే చెంపలేసుకుంది. అప్పటికి యుద్ధమే అయిపోయింది.

మా మామయ్య దగ్గర నిజమైన కథే ఉంది. ఎడారిలో నీళ్ల కోసం క్యూలు, పోయిన రెండేళ్ల జీతం. కానీ అందులో పసిపిల్లలు లేరుగా, మైకెవరిస్తారు?

సరుకులు అమ్మేవాళ్లదీ ఇదే విద్య. 1929లో ఈస్టర్ రోజున న్యూయార్క్ వీధిలో కొందరు ఆడవాళ్లు సిగరెట్లు వెలిగించి నడిచారు, అవి స్వేచ్ఛా జ్యోతులన్నారు. పేపర్లు మహిళల తిరుగుబాటని రాశాయి. వెనకుండి నడిపించిన ఎడ్వర్డ్ బెర్నేస్‌కు జీతమిస్తున్నది సిగరెట్ కంపెనీ అన్న ముక్క మాత్రం వార్తలో లేదు. ఆ తర్వాత 1946లో, డాక్టర్లు అన్నిటికంటే కేమెల్ సిగరెట్లే ఎక్కువ తాగుతారని యాడ్ వచ్చింది. సర్వే చేశారట. సభలకొచ్చిన డాక్టర్ల చేతిలో ఉచితంగా కేమెల్ పెట్టెలు పెట్టి, ఆనక మీరేది తాగుతారని అడిగితే ఏం చెబుతారు మరి!

ఎన్నికలప్పుడు మన దగ్గర వచ్చే సర్వేల సంగతి సరేసరి. గాలి మావైపే వీస్తోందంటారు. ఎందర్ని అడిగారో, ఎవరు డబ్బిచ్చి అడిగించారో ఆ ఫార్వర్డులో ఉండదు. గెలిచే గుర్రం ఎక్కాలనే మన బలహీనత వాళ్లకు బాగా తెలుసు.

ఇంతా చెబుతున్న నేనూ పడ్డాను. ఫలితాలు రాగానే టీవీలో మొదలవుతుంది చూడండి, "ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ, మూడూ..." అని ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు. అది చూసే మా పెద్దోణ్ణి ఒక కార్పొరేట్ కాలేజీలో చేర్చాను. ర్యాంకుల సెక్షన్ వేరే ఉంటుందని, మావాడి సెక్షన్ ఫోటోలు ఏ పేపర్లోనూ రావని ఫీజు కట్టాక తెలిసింది. ఆ యాడ్‌లో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, బహుశా.

ఈసారి చిన్నదాని అడ్మిషన్‌కు ఇంకో కాలేజీకి వెళ్లాను. గోడ నిండా టాపర్ల ఫోటోలు. "పోయినేడు మీ పిల్లలు మొత్తం ఎంతమంది రాశారు సార్?" అని కౌంటర్లో అడిగాను. ఆయన నా వంక చూసి, కుర్చీ జరిపి, "కూర్చోండి మేడమ్, మంచినీళ్లు తీసుకుంటారా?" అన్నాడు.