పక్కవాళ్ల కార్టు చూసి కొన్న బియ్యం

2023 జులై 20, గురువారం. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆపేసింది. ఆ వారాంతానికి అమెరికాలో మనవాళ్లున్న చాలా ఊళ్లలో ఇండియన్ స్టోర్ల ముందు లైన్లు. కార్టుకు ఐదారు బస్తాలు, ఆ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో. చూసినవాళ్లు చెప్పులేసుకుని బయల్దేరారు. చాలా షాపుల్లో ‘కుటుంబానికి ఒక్క బస్తా’ అని కాగితాలు అంటించారు. 20 డాలర్లకు అటూ ఇటుగా దొరికే 20 పౌండ్ల సోనా మసూరి 30 దాటింది, కొన్నిచోట్ల రెట్టింపైంది.

షాపులో ఉన్న ఆ బియ్యం నిషేధానికి ముందే ఓడ దిగినవి. అవి ఎక్కడికీ పోవు. ఉప్పుడు బియ్యానికి, బాస్మతికి నిషేధమే లేదు. అయినా లైన్లో నిలబడ్డవాళ్లను నేను వెక్కిరించను. ధర పెరుగుతుందనుకున్నారు, పెరిగింది. ఎవరి లెక్క వాళ్లకు సరిపోయింది. కాకపోతే ఆ ధర అంత తొందరగా ఎగబాకడంలో ఆ లైన్ల చేయి కూడా ఉంది. 2024 సెప్టెంబరు ఆఖర్లో నిషేధం ఎత్తేశారు. ఈలోగా మనమెవరమూ పస్తులున్నది లేదు.

అసలు నా గొడవ ఆ వారం గురించి కాదు. మామూలు రోజుల్లోనూ మనం బియ్యం కొనేది ఇలాగే. కొత్తగా వచ్చినవాళ్లు ‘ఏ బ్రాండు బావుంటుంది అక్కా?’ అని అడుగుతారు, అక్క తనకు ఇంకెవరో చెప్పింది చెబుతుంది. పదేళ్లయినా అదే బస్తా.

మన ఊళ్లో బియ్యం కొట్టుకు వెళ్తే అమ్మ అలా కొనేదా? తెరిచిన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, తవుడు ఊది, నూక ఎంతుందో చూసి, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికేది. ‘పాతవేనా?’ అని రెండుసార్లు అడిగేది. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది, పాతవైతే ఎసరు ఎక్కువ పట్టి పొడిపొడిగా వస్తుంది. కొట్టతను ‘ఓ కిలో వండి చూడండమ్మా’ అనేవాడు. ఇక్కడ బస్తా మూతి కుట్టేసి ఉంటుంది. చెయ్యి పెట్టేందుకు లేదు, వాసన చూసేందుకు లేదు. అమ్మ వాడిన పరీక్షలన్నీ పోయాక మనకు మిగిలింది బస్తా మీది బొమ్మ, పక్కవాళ్ల కార్టు. (రెండు డాలర్లు తగ్గించారంటే నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్లే శ్రద్ధ మాత్రం ఎక్కడికీ పోలేదు.)

సోనా మసూరి అన్న పేరొక్కటే చూసి కొంటున్నాం గానీ, రైతు దగ్గర మసూరి అంటే ఒక్కటి కాదు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204ను సాంబ మసూరి అంటారు. రాజేంద్రనగర్‌లో రూపొందిన ఆర్ఎన్ఆర్ 15048 తెలంగాణ సోనా. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే కొలత) తక్కువని పేరు, కాబట్టి షుగర్ ఉన్న ఇంట్లో ఆ తేడా తెలియడం అవసరం. బస్తాలో ఉన్నది ఏ రకమో, ఏ పంటదో, ఎప్పుడు మరాడించారో అచ్చు వేయమని దిగుమతిదారులను మనమెప్పుడైనా అడిగామా? ఒక్కరు అడిగితే కౌంటర్ దగ్గర నవ్వి ఊరుకుంటారు. వేడుకలకు పదుల బస్తాలు కొనే మన తెలుగు సంఘం అడిగితే అలా ఊరుకోలేరు.

ఈలోగా మనం చేసుకోగలిగేది ఒకటుంది. వచ్చే ఉగాది భోజనాల్లో నాలుగు రకాల బియ్యం నాలుగు గిన్నెల్లో వండి, పేర్లు రాయకుండా అంకెలు మాత్రం వేద్దాం. పప్పు, ఆవకాయ అన్నిటికీ ఒకటే. మార్కులు వేయడం అయ్యాకే బస్తాలు బయటికి తీసి, ఒక్కోదాని పక్కన పౌండు ధర రాద్దాం.