పిలుపు రాకముందే శాలువా

మొన్న ఆదివారం సంగతి. ఆ శాలువా ఇంకా భుజం మీద గుచ్చుకుంటున్నట్టే ఉంది.

నాకు దైవపిలుపు, అంటే మఠంలో చేరి సిస్టర్‌ని కమ్మనే పిలుపు, ఉందో లేదో నాకే తెలియదు. ఏడాదిగా లోపల ఏదో నలుగుతోంది. ఒక మఠం సిస్టర్లు మూడు రోజుల 'కమ్ అండ్ సీ' క్యాంపు పెడుతున్నారంటే వెళ్లి చూద్దామనుకున్నాను, అంతే. జ్ఞానస్నాన పత్రం, మా విచారణ (అంటే మా చర్చి పరిధి) గురువుల ఉత్తరం తెమ్మన్నారు. చర్చికి వెళ్తే ఫాదర్ గారు లేరు, ఆయనకి సాయంగా ఉండే ఉపదేశి గారున్నారు. "ఎందుకమ్మా?" అన్నారు. చెప్పాను. నా బుద్ధి గడ్డి తినింది. అమ్మకి మాత్రం అకౌంట్స్ ట్రైనింగ్ అన్నాను. దేవుడి పని మీద ఆడిన అబద్ధం సగమే లెక్కలోకి వస్తుందని నా లెక్క. బీకాం చదివాను మరి.

అమ్మ లెక్క వేరే. గుంటూరు నుంచి ఒక సంబంధం వాళ్లని ఆ ఆదివారమే గుడికి రమ్మంది. ఇంటికొస్తే హడావిడి, పూజలో దూరం నుంచి అమ్మాయిని చూసుకోండి అందట. నాకు చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం చెరో కమ్ అండ్ సీ గుట్టుగా నడుపుతున్నామన్నమాట.

ఆ రోజు మంచి కాపరి ఆదివారం. దైవపిలుపుల కోసం ప్రార్థించమని ఆరవ పౌలు పోపుగారు 1964లో మొదలుపెట్టిన రోజు. ఆయన ప్రార్థించమన్నారు గానీ మైకులో పేర్లు చదవమనలేదు.

సత్ప్రసాదం అయిపోయింది. ప్రకటనలు. ఉపదేశి గారు మైకు పట్టుకోగానే అది కుయ్యోమంది. "మన విచారణ నుంచి మరో ఆడబిడ్డ కన్యాస్త్రీగా ప్రభువు సేవకు వెళ్తోంది!" అన్నారు. ఎవరో పుణ్యాత్మురాలు అనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను. అందరూ నా వైపే ఎందుకు చూస్తున్నారా అనుకుంటుండగా నా పేరు వినిపించింది. అప్పుడు చేతులు ఆపాలో, కొడుతూనే ఉండాలో తెలియలేదు. ఇంకో రెండు కొట్టి ఆపాను.

ముందుకు రమ్మన్నారు. వెళ్లాను. ఇక శాలువా. దాని ప్లాస్టిక్ కవరు ఎంతకీ ఊడదే! ఉపదేశి గారు గోటితో గీకారు, లాగారు, చివరికి పళ్లతో పట్టుకున్నారు. మైకు ఆయన చంకలోనే ఉంది కాబట్టి ఆ చప్పుడంతా ఊరికి వినిపించింది. కవరు చిరగ్గానే ఒక చీటీ రాలి నా కాళ్ల దగ్గర పడింది. 'సర్పంచ్ గారికి' అని రాసి ఉంది. ఆయన దాన్ని కాలితో చాప కిందికి నెట్టేసి, మహిళా సంఘం ఆంటీ చేత నాకు శాలువా కప్పించారు. ఎండాకాలం, పాలిస్టర్. కప్పడం, జారడం, మళ్లీ కప్పడం. యువజన సంఘం కుర్రాడొకడు ఫోన్ పెట్టి "ఇటు చూడండి సిస్టర్" అన్నాడు. వాడు నాతో పదో తరగతి చదివాడు.

నోవిషియేట్, అంటే వ్రతాలకి ముందు శిక్షణ, ఏడాదికి తక్కువ ఉండకూడదు. మొదటి వ్రతాలు కనీసం మూడేళ్లకి, అవసరమైతే తొమ్మిదేళ్ల దాకా పొడిగిస్తారు. జీవితాంతం ఉండే నిత్యవ్రతాలు ఆ తర్వాతే. కథోలిక తిరుసభ అన్నేళ్లు ఆలోచించుకోమంటుంటే, మా ఉపదేశి గారు అన్నీ కలిపి రెండు నిమిషాల్లో ముగించేశారు. ఫాదర్ గారు పక్కన కూర్చుని నవ్వుతున్నారు. నేను చెప్పాల్సింది "ఇంకా ఏమీ అనుకోలేదండీ" అన్న ఒక్క ముక్క. దానికి బదులు "వందనాలు" అన్నాను.

అప్పుడు చూశాను అమ్మని. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, చేతిలో జపమాల, తెరిచిన నోరు. పక్కన ఎవరో పట్టుచీర ఆవిడ చెప్పుల కోసం అప్పుడే లేస్తోంది. మగవాళ్ల వైపు కొత్త చొక్కా అబ్బాయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. అతనే పెళ్లికొడుకని తర్వాత తెలిసింది. అంత గట్టిగా కొట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇంట్లో ఏం జరిగిందో రాయను.

ఈ పొద్దున ఉపదేశి గారు ఫోన్ చేశారు. ఉత్తరం సిద్ధమైందేమోనని గబుక్కున ఎత్తాను.

"అమ్మా, ఆ శాలువా కాస్త పంపిస్తావా? సాయంత్రం సర్పంచ్ గారొస్తున్నారు. కవరు కూడా దాచి ఉంటే మరీ మంచిది."