మేస్త్రీ ఉన్నాడుగా అని ధైర్యం చెప్పకండి

"దగ్గరుండి కట్టించుకోండి, కాంట్రాక్టర్‌కి పోయేది మీకే మిగులుద్ది." గుంటూరులో స్థలం కొన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పే పెద్దమనిషి ఒకరుంటారు. మాకు మా బాబాయ్ చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. మరి మాకు ఇంటిపని తెలియదు కదా అంటే, "మేస్త్రీ ఉన్నాడుగా" అన్నారు. ఈ పోస్టు ఆ మాట గురించే.

మావారి ఉద్యోగం హైదరాబాద్‌లో. నేను ఇక్కడ టీచర్‌ని. కాబట్టి దగ్గరుండాల్సింది నేనే. తెల్లవారి ఆరింటికి సైటు, తొమ్మిదికి బడి, సాయంత్రం మళ్ళీ సైటు. మెటీరియల్‌తో సహా 26 లక్షలు అడిగాడు కాంట్రాక్టర్. మేం మేస్త్రీతో లేబర్ వరకే మాట్లాడుకుని, మెటీరియల్ మేమే కొనుక్కుని, 24న్నర లక్షల్లో పూర్తిచేశాం. లక్షన్నర మిగిలిందని అందరూ మెచ్చుకున్నారు. పది నెలల్లో అవుతుందనుకున్నది పదిహేను నెలలు పట్టింది. ఆ అయిదు నెలల అద్దె 55 వేలు. జీతం నష్టపోయి పెట్టిన సెలవులు, లోను వడ్డీ ఎవరూ లెక్కలో వేయరు.

డబ్బు సంగతి అలా ఉంచండి. కాంట్రాక్టర్ తీసుకునే డబ్బులో పెద్ద భాగం ఒక పనికి: ఎవరి తర్వాత ఎవరు రావాలో చూడటం, వచ్చినవాళ్ళు చేసింది సరిగ్గా ఉందో లేదో చూడటం. ఆయన్ని వద్దనుకుంటే ఆ పని మాయమైపోదు, మన మీద పడుతుంది. మేస్త్రీ మీద పడదు. మేస్త్రీకి గోడ తెలుసు, ప్లాస్టరింగ్ తెలుసు. తన పనిని తనే తప్పుపట్టి ఆపుకోమని ఎవరినీ అడగలేం కదా.

మా స్లాబ్ రోజు చెప్తాను. తెల్లవారుజామునే కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చింది, ఇరవైమంది కూలీలు వచ్చారు. పైకెక్కి చూస్తే ఇనుప జాలీ సగం చోట్ల నేరుగా కాంక్రీటు పోసే సెంట్రింగ్ రేకుల మీదే పడుకుని ఉంది. కడ్డీని రేకుకి తగలకుండా ఎత్తిపెట్టే చిన్న దిమ్మలు, కవర్ బ్లాకులు, లేవు. స్లాబ్‌లో కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. లేకపోతే చెమ్మ తగిలి కడ్డీ తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, కొన్నేళ్ళకి సీలింగ్ పెచ్చులు ఊడుతుంది. పాత ఇళ్ళల్లో మనం రోజూ చూసేది అదే. ఆపమన్నాను. "సార్ ఎప్పుడొస్తారమ్మా? సార్‌తో మాట్లాడతా" అన్నాడు మేస్త్రీ. సార్ రారు, ఇక్కడ నేనే అని చెప్పడానికి నా గొంతు వణికింది. బ్లాకులు తెప్పించి పెట్టించేసరికి రెండు గంటలు పోయాయి. ఆ రెండు గంటలూ ఇరవైమంది నన్నే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత నీళ్ళ గొడవ. "పల్చగా ఉంటేనే మూలమూలకీ పారుద్దమ్మా" అంటూ బకెట్లు గుమ్మరిస్తున్నారు. మా స్లాబ్‌కి వాడిన ఎం20 రకం కాంక్రీటుకి సిమెంట్ బస్తాకి నీళ్ళు 30 లీటర్లు మించకూడదని, కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో ఉంది. నీళ్ళు ఎక్కువైన కొద్దీ బలం తగ్గుతుంది. మూలలకు చేర్చడానికి కాంక్రీటుని అదిరించి సర్దే వైబ్రేటర్ ఉంది, నీళ్ళు కాదు. అది తెలిసి కూడా పోస్తారు, ఎందుకంటే పల్చటి మాలు లాగడం తేలిక. ఎండలో ఆ పని చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. చూసే మనిషి లేకపోవడమే తప్పు.

వారం తిరక్కుండానే ఊతకర్రలు తీసేస్తామన్నారు, సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకి కావాలట. చిన్న గదుల స్లాబ్‌కే కనీసం 7 రోజులు, బీముల కింద 14 రోజులు ఉంచాలి. ఇదీ పోట్లాడితేనే ఆగింది.

ఇనుము దగ్గర మాత్రం నేను మోసపోలేదు. 12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది దాదాపు 10.66 కిలోలు తూగాలి. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. కడ్డీలు లెక్కపెట్టి, కాటా చీటీతో సరిచూసుకున్నాను.

ఇవన్నీ నాకు పుట్టుకతో రాలేదు. మా ఇంజనీర్ గారు నేర్పారు. ప్లాన్ గీసిచ్చి వెళ్ళిపోయే మనిషి కాదు, పునాదికి, దాని మీద గోడల కింద వచ్చే ప్లింత్ బీముకి, స్లాబ్‌కి ముందు ఒక్కోసారి వచ్చి చూసేలా విడిగా ఫీజు మాట్లాడుకున్నాం. స్లాబ్ రోజు ఆయన ఊళ్ళో లేరు, అందుకే ముందురోజు ఫోన్‌లో గంటసేపు చెప్పారు. ఆ ఫీజు దండగ అన్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. మనది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పునాది ఎంత లోతు, ఏ రకం అన్నది పక్కింటివాళ్ళని అడిగి తేల్చుకునే విషయమా? దయచేసి టైల్స్‌లో తగ్గించుకోండి, గేటులో తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. రోజుకి రెండుపూటలా నిలబడే మనిషి ఇంట్లో లేకపోతే కాంట్రాక్టర్‌కే ఇవ్వండి, ఇంజనీర్‌ని మాత్రం మీ తరఫున పెట్టుకోండి.

మా బడిలో ఇంకో టీచర్ గోరంట్ల వైపు కట్టుకుంటున్నారు. వాళ్ళ బాబాయ్ కూడా మేస్త్రీ ఉన్నాడుగా అన్నారట. సోమవారం వాళ్ళ స్లాబ్. ఆదివారం సాయంత్రం టేపు పట్టుకుని నేనూ వెళ్తున్నాను.