బాక్సు ముందు అందరూ సమానులే

శిక్షణ మనిషిని బట్టి ఉండాలనే ప్రమాదకరమైన వాదమొకటి ఈమధ్య మైదానాల్లో వినిపిస్తోంది. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే, రేపు కోచ్ అనేవాడు ప్రతి ఆటగాణ్నీ విడివిడిగా చూడాల్సి వస్తుంది. చూస్తూ కూర్చుంటే ఈల ఎప్పుడు ఊదాలి?

మా కోచ్‌ల పద్ధతిలో ఉన్న సుఖం గమనించండి. గోడ మీద ఒక చార్టు. 60 సెంటీమీటర్ల బాక్సు, దాని మీంచి దిగి వెంటనే పైకెగిరే డెప్త్ జంప్‌లు, పదేసి చొప్పున నాలుగు సెట్లు. షాట్‌పుట్ విసిరే 120 కిలోల మనిషీ, మొన్ననే 13 నిండిన పిల్లా అదే బాక్సు మీంచి దూకుతారు. ఇంతటి సమానత్వం ఏ రాజ్యాంగంలోనైనా ఉందా? ఎముకలు ఎదిగే వయసులో మోకాలి కింద స్నాయువు అంటుకునే చోటు సున్నితంగా ఉంటుందని డాక్టర్లు అంటారు. పిల్ల కూడా అక్కడే నొప్పి అంటోంది. శిక్షణ పనిచేస్తోందనడానికి ఇంకేం రుజువు కావాలి?

ఈ దూకుళ్లను 1960లలో ప్రచారంలోకి తెచ్చింది సోవియట్ నిపుణుడు యూరి వెర్హోషాన్‌స్కీ. ముందు బరువులెత్తి బలం కూడగట్టుకున్నవాళ్లే చేయాలి, అదీ కొద్ది మోతాదులోనే అన్నాడాయన. సరిహద్దులు దాటేటప్పుడు ఆ షరతులు ఎక్కడో జారిపోయాయి. బాక్సు మాత్రం క్షేమంగా చేరింది.

ఎవరికెంత ఎత్తో తేల్చే లెక్క ఒకటుందట. తక్కువ ఎత్తుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ ఎగిరిన ఎత్తును కాలు నేల మీద నిలిచిన సమయంతో భాగించాలి. ఫలితం పెరుగుతున్నంతసేపూ బాక్సు పెంచొచ్చు, తగ్గిందంటే ఆపాలి. ఒకరికి 30 సెంటీమీటర్ల దగ్గరే తగ్గొచ్చు, ఇంకొకరికి 50 దాటినా తగ్గకపోవచ్చు. పాదం పావు సెకను దాటినా నేలను వదల్లేదంటే అది స్ప్రింటర్‌కి కావాల్సిన చురుకైన ఎగురుడు కానే కాదు. వీటికి ఫోన్‌లో స్లోమోషన్ వీడియో చాలని కూడా అంటున్నారు. మా అభ్యంతరం సాంకేతికమైనది కాదు, నైతికమైనది. భాగహారాలు మొదలైన చోట క్రమశిక్షణ నిలవదు.

అంతకంటే ఘోరం, బార్‌బెల్ ఎత్తే వేగాన్ని కొలవడం. సెట్టులో వేగం 20 శాతం పడిపోగానే స్క్వాట్లు (బరువు భుజాన పెట్టుకుని కూర్చుని లేవడం) ఆపేసినవాళ్లు, 40 శాతం పడేదాకా లాగినవాళ్లకంటే జంప్‌లో ఎక్కువ మెరుగయ్యారని 2017లో ఒక స్పెయిన్ బృందం తేల్చింది. కండ ఎక్కువ పెరిగింది మాత్రం 40 శాతం వాళ్లకేనట. వాంతి చేసుకోకుండా వేగం పెంచుకోవడమా? తల్లిదండ్రులకు ఏం చూపించాలి?

బలముండీ వేగం లేనివాడికి తేలిక బరువులతో జంప్‌లు, వేగముండీ బలం చాలనివాడికి బరువైన స్క్వాట్లు ఇవ్వాలన్నది మరో వాదం. 2017లోనే పరిశోధకుడు జిమెనెజ్-రేయెస్ బృందం ఆటగాళ్ల బలాన్నీ వేగాన్నీ కొలిచి ఇలా విడగొట్టి మంచి ఫలితాలు చూపింది. మేం కంగారుపడ్డ మాట నిజం. అయితే 2021లో నార్వే పరిశోధకులు పరీక్షిస్తే, ఆ కొలతను బట్టి విడగొట్టినందువల్ల అదనపు లాభమేమీ కనబడలేదు. ఆ ఒక్క కొలత మీద అంత నమ్మకం పెట్టుకోవద్దని వాళ్ల ఉద్దేశం కావచ్చు. అసలు మనుషుల మధ్య తేడాలే లేవని మేం అర్థం చేసుకుని ఆ సాయంత్రమే మిఠాయిలు పంచుకున్నాం.

195 సెంటీమీటర్ల జమైకా స్ప్రింటర్ బోల్ట్ 2009లో 9.58 సెకన్లలో, సుమారు 172 సెంటీమీటర్ల చైనా స్ప్రింటర్ సు బింగ్‌టియాన్ 2021లో 9.83లో వంద మీటర్లు ముగించారని కొందరు గుర్తుచేస్తుంటారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఊరుకుంటున్నాం.

ఇక యాప్‌ల వాళ్లు. వాళ్లు శత్రువులని మొదట్లో పొరబడ్డాం. నిద్ర, గుండె వేగం, అడుగులు అన్నీ కొలిచి ‘కేవలం మీ కోసమే’ అంటూ ప్రణాళిక పంపిస్తారు. ఇద్దరివి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పైన రాసిన పేరులోనే ఉంది. కౌగిలించుకున్నాం. వచ్చే సీజన్ నుంచి ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నవాళ్లనే జట్టులోకి తీసుకోవాలని ఉమ్మడిగా తీర్మానించాం. పిల్లలు మధ్యలో ఎదగడం ఒక్కటే చిక్కు. దానికి అప్‌డేట్‌లో ఏమైనా చేయగలరేమో చూస్తామన్నారు.