క్రూయిజ్ సూట్: ఏజెంటు చెప్పే లెక్క, మన వాడకం లెక్క

వేసవి సెలవులకో దసరాకో సింగపూర్ క్రూయిజ్ కావాలని హిమాయత్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ట్రావెల్స్ వాళ్లను అడిగితే కొటేషన్‌లో మామూలుగా మూడు ధరలు కనిపిస్తాయి. కిటికీ లేని లోపలి గది, బాల్కనీ గది, సూట్. మొదటి రెండింటి మధ్య తేడా ఎందుకో ఎవరికైనా తెలుస్తుంది. మూడోది బాల్కనీ ధరకు రెట్టింపు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పైనే. ఆ వెనకే వాట్సాప్‌లో హంగుల చిట్టా వస్తుంది: బట్లర్, వేరే రెస్టారెంటు, వేరే లాంజ్, వైఫై, డ్రింక్స్, క్యూ లేకుండా ఎక్కడం, దిగడం. "అన్నీ కలుపుకుంటే సూటే గిట్టుబాటు సార్" అన్న మాట కూడా.

ఆ మాట కొందరికి అక్షరాలా నిజం. హైదరాబాద్ నుంచి పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాల్లో ఎక్కువ వాటికి మాత్రం నిజం కాదు. ఆ చిట్టాలో రూపాయల్లో బరువైన అంశం మద్యం. దాని తర్వాత డబ్బిచ్చి తినాల్సిన స్టేక్‌హౌస్ తరహా రెస్టారెంట్లు. ఈ రెండూ వాడని ఇంటికి చిట్టా సగానికి సగం తేలిపోతుంది. మిగిలేది చోటు, ప్రశాంతత, క్యూలో నిలబడకపోవడం. అవి నిజంగా మంచివే. కాకపోతే వాటికి ఎంత ఇస్తున్నామో విడదీసి చూడాలి.

ముందుగా ఏ సూటో తేల్చుకోవాలి. పేరులో సూట్ ఉన్నంత మాత్రాన హంగులన్నీ రావు. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ 2016 నుంచి ఓయాసిస్, క్వాంటమ్ తరగతి ఓడల్లో సూట్లను సీ, స్కై, స్టార్ అని మూడు అంచెలు చేసింది. స్టార్‌లో 'రాయల్ జీనీ' అనే సొంత సహాయకుడితో పాటు డ్రింక్స్, స్పెషాలిటీ రెస్టారెంట్లు (విడిగా డబ్బిచ్చి తినాల్సినవి), వైఫై, రోజువారీ టిప్పులు ధరలోనే కలిసి ఉంటాయి. స్కైలో కోస్టల్ కిచెన్ అనే సూట్ రెస్టారెంటు, సూట్ లాంజ్, వైఫై దొరుకుతాయి. జూనియర్ సూట్ చేరేది అడుగున ఉన్న సీ అంచెలోకి. గది పెద్దది, కోస్టల్ కిచెన్‌లో రాత్రి భోజనం ఉంటుంది, లాంజ్ ఉండదు. ఆసియా కోసం కట్టిన స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్‌లో ఇవే గోల్డ్, సిల్వర్ అని వేరే పేర్లతో ఉంటాయి. ప్రిన్సెస్ కంపెనీ వారి మినీ సూట్ అంటే సోఫా, బాత్‌టబ్ ఉన్న పెద్ద బాల్కనీ గదే. మన వైపు ముంబై, చెన్నై, విశాఖల నుంచి తిరిగిన కార్డీలియా వారి ఎంప్రెస్‌లోనూ మినీ సూట్ అంటే బాల్కనీ గదే. ఆ ఓడ 1990లో కట్టింది, సుమారు 48 వేల టన్నులది. కొత్త ఓడల్లో సూట్ల వాళ్ల కోసం గేటు వేసి కట్టే ప్రత్యేక ఆవరణకు అందులో చోటే లేదు.

ఆ ఆవరణ ఉన్నవే అసలు సూట్లు. నార్వేజియన్ కంపెనీ ఓడల్లో హావెన్, ఎంఎస్‌సీ ఓడల్లో యాట్ క్లబ్, సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్‌లో ప్యాలెస్. కీకార్డు ఉంటే తప్ప తలుపు తెరుచుకోని చోట వేరే ఈత కొలను, వేరే రెస్టారెంటు, బట్లర్ ఉంటారు. కాబట్టి ఏజెంటును అడగాల్సింది "సూట్ ఎంత?" అని కాదు. కేటగిరీ పూర్తి పేరు, కోడ్, డెక్ (ఓడలో అంతస్తు) నంబరు రాసి పంపమనాలి. ఆ కోడ్‌కు ఏమేం వస్తాయో కంపెనీ సొంత వెబ్‌సైట్లో సరిచూసుకోవాలి. ఏజెంటు పంపే చిట్టా చాలాసార్లు పై అంచె సూట్‌ది, కొటేషన్‌లో ధర కింది అంచెది అయి ఉంటుంది.

నా లెక్కలో అన్నిటికంటే తక్కువ గిట్టేది బాల్కనీకీ అసలు సూట్‌కీ నడుమ ఉండే మధ్యరకమే. జూనియర్ సూట్‌కు బాల్కనీ మీద గట్టిగానే అదనం పడుతుంది, వచ్చేది మాత్రం ఒక సోఫా, కొంచెం పెద్ద స్నానాల గది. పెడితే పై అంచెలో పెట్టాలి, లేదా బాల్కనీ దగ్గరే ఆగిపోవాలి.

ఇప్పుడు అంకెలు. నాలుగు రాత్రుల ప్రయాణం, భార్యాభర్తలిద్దరు అనుకుందాం. బాల్కనీ ఇద్దరికీ 1,60,000 రూపాయలు, డ్రింక్స్, వైఫై, స్పెషాలిటీ రెస్టారెంట్లు కలిసిన సూట్ 3,40,000. ఇవి నమూనా అంకెలు, మీ కొటేషన్‌లోవి వేసుకోండి. పోర్టు పన్నులు ఏ గదికైనా ఒకటే కాబట్టి రెండు వైపులా తీసేసి పోల్చాలి. తేడా 1,80,000. వైఫై విడిగా కొంటే ఫోనుకు రోజుకు 1,800 చొప్పున ఇద్దరికీ నాలుగు రోజులకు 14,400. రెండు రాత్రులు స్పెషాలిటీ రెస్టారెంట్లో మనిషికి 4,500 చొప్పున 18,000. ఇద్దరూ బాగా తాగేవాళ్లయితే మద్యం ప్యాకేజీ మనిషికి రోజుకు 7,500 వేసినా 60,000. మొత్తం 92,400. అంటే సూట్ అదనంలో సగం వచ్చేసింది. మిగిలిన 87,600 చోటుకీ ప్రశాంతతకీ, రాత్రికి దాదాపు 22 వేలు. తాగని జంటకు ఆ 60,000 స్థానంలో కాఫీలు, జ్యూసులు, కూల్‌డ్రింకుల కింద మనిషికి రోజుకు వెయ్యి వేస్తే 8,000. మొత్తం 40,400. చోటు కోసం కడుతున్నది 1,39,600, రాత్రికి దాదాపు 35 వేలు. గది అదే, ఓడ అదే.

భర్త ఒక్కరే తాగే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రాయల్ కరీబియన్‌లో ఒక గదిలో పెద్దవాళ్లలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలో మిగతా పెద్దలందరూ కొనాల్సిందే. ఏజెంటు ఇదే చూపించి "అందుకే సూట్ తీసుకోండి" అంటాడు. అవసరం లేదు. గ్లాసుల లెక్కన కొనుక్కుంటే సరిపోతుంది. కాక్‌టెయిల్ 14 డాలర్లనుకుంటే, బిల్లులో 18 శాతం టిప్పు కలిసి పదహారున్నర, దాదాపు 1,500 రూపాయలు. రోజుకు నాలుగు తాగినా నాలుగు రోజులకు 24 వేలు దాటదు.

భోజనం సంగతి చిట్టాలో ఎవరూ రాయరు. సూట్ రెస్టారెంటు చిన్నది, మెనూ పొట్టిది, వంట చాలా చోట్ల మెడిటరేనియన్, కాలిఫోర్నియా తరహా. పప్పు, కూర, అన్నం, పెరుగు దొరికేది ఎక్కువగా పెద్ద బఫేలో, మెయిన్ డైనింగ్ హాల్లో. మామూలు గదుల వాళ్లు తినేదీ అక్కడే. శాకాహారం, జైన్ భోజనం కావాలంటే బుకింగ్ సమయంలోనే నమోదు చేయించి, ఎక్కిన మొదటి సాయంత్రం హెడ్ వెయిటర్‌తో మరోసారి చెప్పుకోవాలి. లేకపోతే సూట్ రెస్టారెంట్లో మూడో రోజుకు సలాడ్, పాస్తా తప్ప గతి ఉండదు. అమ్మమ్మ రెండో పూటకే బఫే దారి పడితే, వేరే రెస్టారెంటు కోసం కట్టిన డబ్బు ఎటు పోయినట్టు?

బట్లర్ మీద మనవాళ్లకు మోజు ఎక్కువ, వాడకం తక్కువ. పెట్టె సర్దడం, ఉదయం గదికే టిఫిన్ తేవడం, సాయంత్రం చిరుతిళ్లు, రెస్టారెంటు టేబుళ్ల బుకింగ్ అతని పని. చొరవగా అడిగి చేయించుకునేవాళ్లకు బాగా పనికొస్తాడు, మొహమాటస్తులకు సాయంత్రం పళ్లెం తెచ్చే మనిషిగా మిగిలిపోతాడు. పైగా టిప్పులు. రాయల్ కరీబియన్‌లో 2024 నవంబరులో పెంచిన రేట్ల ప్రకారం మామూలు గదికి మనిషికి రోజుకు 18.50 డాలర్లు, సూట్‌కు 21. నార్వేజియన్‌లో 20, హావెన్‌లో 25. పిల్లలకూ ఇదే లెక్క. స్టార్ అంచెలో ఇవి ధరలోనే ఉన్నా జీనీకి ఇచ్చేది వేరు. నార్వేజియన్ బట్లర్‌కూ విడిగా ఇవ్వడం ఆనవాయితీ. చివరి రోజు కవరులో ఎంత పెట్టాలన్నది ముందే బడ్జెట్‌లో వేసుకుంటే మంచిది.

ఇక ఎన్ని రాత్రులు అన్నది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కి నాలుగో రోజు ఉదయం తొమ్మిదికి దిగే మూడు రాత్రుల ప్రయాణంలో ఓడ మీద ఉండేది 67 గంటలు. నిద్ర 24 పోతే 43. పెనాంగ్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో ఊరు చూడటానికి దిగితే ఇంకో తొమ్మిది పోతాయి. మిగిలిన 34 గంటల్లో షోలు, భోజనాలు, పిల్లల జారుడుబండలు. పిల్లల క్లబ్బులు, సర్ఫింగ్ కొలనులు, థియేటర్ ఏ గది వాళ్లకైనా ఒకటే. పదేళ్ల పిల్లలు నిశ్శబ్దంగా ఉండే సూట్ డెక్ మీద అరగంట కూడా కూర్చోరు. వాళ్లను కనిపెట్టుకుని తల్లిదండ్రులూ కింది కొలను దగ్గరే ఉంటారు. ఇంత చిన్న ప్రయాణానికి సూట్ దండగ అని గట్టిగానే చెప్పొచ్చు.

ఏడు రాత్రులు దాటి, అందులో రెండు మూడు రోజులు పూర్తిగా సముద్రం మీదే గడిచేలా ఉండి, ఓడ నాలుగైదు వేల మందిది అయితే కథ మారుతుంది. సముద్రం మీద గడిచే రోజు ఉదయం పదకొండుకు పెద్ద కొలను దగ్గర నీడలో ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు. తువ్వాలు పరిచి వెళ్లిపోయినవాళ్లవే సగం. లిఫ్టుల దగ్గర గుంపు, బఫేలో పళ్లెం పట్టుకుని టేబులు వెతుకులాట. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లకు అప్పుడు వేరే డెక్, వేరే భోజనశాల విలాసం కాదు, అవసరం. దిగడంలోనూ అంతే. ఫుకెట్‌లో పెద్ద ఓడలు రేవుకు ఆనవు, దూరంగా లంగరేసి పటాంగ్ తీరానికి టెండర్లనే చిన్న పడవల్లో దింపుతాయి. మామూలు గదుల వాళ్లు నంబరు టోకెన్ తీసుకుని కూర్చోవాలి, సూట్ వాళ్లను ముందు పంపుతారు. ఒక పూట మాత్రమే ఉన్న ఊళ్లో ఆ గంటకు విలువ ఉంది. రేవుకు నేరుగా ఆనే సింగపూర్, పెనాంగ్ లాంటి చోట్ల ఈ హంగుతో పెద్దగా ఒరిగేది లేదు.

కడుపులో తిప్పే మనిషి వెంట ఉంటే సూట్ చోటు చూడకుండా డబ్బు కట్టొద్దు. అలల్లో ఓడ పార్కులో పిల్లలు ఎక్కే సీసా బల్లలా కదులుతుంది. మధ్యలో, కింది డెక్‌లలో ఊపు తక్కువ, ముందు భాగంలో, పైన ఎక్కువ. ఎంఎస్‌సీ యాట్ క్లబ్ ముందు వైపు, పై డెక్‌లలో ఉంటుంది. నార్వేజియన్ ప్రిమా తరగతి ఓడల్లో హావెన్ వెనక భాగానికి మారింది. ముందు వైపు బాల్కనీలో గాలికి తలుపు తీయడమే కష్టమయ్యే గంటలుంటాయి. కొలను డెక్‌కు సరిగ్గా కింద పడే గదుల్లో తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు. వాంతుల భయం ఉన్నవాళ్లకు నడిమధ్య ఎనిమిదో డెక్ బాల్కనీ, మూడు రెట్ల ధర పెట్టిన సూట్ కంటే సుఖం.

నలుగురు, అయిదుగురు వెళ్లే కుటుంబాలు సూట్ పక్కన ఇంకో ధర కూడా పెట్టించాలి: మధ్యలో తలుపు ఉన్న రెండు బాల్కనీ గదులు. చాలాసార్లు ఒక సూట్ కంటే చవక. రెండు బాత్‌రూములు, రెండు బాల్కనీలు. ఉదయం ఎనిమిదికి ఊరు చూసే బస్సు అందుకోవాల్సిన రోజు రెండో బాత్‌రూము ముందు బట్లర్ ఏపాటి? అయితే ఇలాంటి జంట గదులు ఓడలో కొన్నే ఉంటాయి. సెలవుల సీజన్‌కైతే ఆర్నెల్ల ముందే అడగాలి.

సూట్ మోజు తీరాలనుకునేవాళ్లకు వేలం దారి ఉంది. రాయల్ కరీబియన్‌లో రాయల్‌అప్, సెలబ్రిటీలో మూవ్‌అప్, నార్వేజియన్‌లో అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్. బాల్కనీ బుక్ చేసుకుని, సూట్‌కు అదనంగా ఎంత ఇస్తారో చెప్పాలి. ఖాళీ మిగిలితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు వరకూ ఎప్పుడైనా ఖాయం చేసి కార్డు నుంచి డబ్బు తీసుకుంటారు. మెసేజ్ వచ్చాక వద్దంటే కుదరదు. ఇచ్చే మొత్తం మనిషికి చొప్పున ఉంటుంది, గదిలో మొదటి ఇద్దరికీ పడుతుంది. 400 డాలర్లు అంటే 800 అన్నమాట. ఒంటరిగా వెళ్లినా ఇద్దరి లెక్కే. గది ఎక్కడ వస్తుందో చెప్పరు, పక్క గదిలోని తల్లిదండ్రుల నుంచి ఆరు డెక్‌ల దూరం పడొచ్చు. సీజన్ కాని నెలల్లో, ఖాళీ ఎక్కువున్న ఓడల్లో తగిలే అవకాశం మెరుగు. వేసవి సెలవుల్లో, డిసెంబరు ఆఖరి వారంలో ఆశ పెట్టుకోవద్దు.

పన్ను ముక్క ఒకటి. విదేశీ టూర్ ప్యాకేజీ ఇక్కడి ఏజెంటు దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే తీసుకుని మన పేర జమ చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. 2023 అక్టోబరులో 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 అన్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దు 10 లక్షలైంది, 2026 ఏప్రిల్ నుంచి మొత్తం ఎంతైనా 2 శాతమే. బడ్జెట్ బడ్జెట్‌కీ మారే విషయం కాబట్టి కట్టే రోజున ఉన్న రేటు కనుక్కోవాలి. సూట్ ధరతో ఈ మొత్తమూ పెరుగుతుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. జీతగాళ్లు ఆగనక్కర్లేదు: కట్టిన టీసీఎస్ వివరాలు కంపెనీకి ఇస్తే ఆ మేరకు జీతంలో టీడీఎస్ తగ్గించే వీలు 2024 అక్టోబరు నుంచి ఉంది. డిసెంబరు ప్రయాణమైతే జనవరిలో కంపెనీ పన్ను పత్రాలు అడిగే లోపు ఏజెంటు దగ్గర రసీదు తీసుకుని, మీ పాన్ నంబరు మీదే జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.