చెట్టుగా పుట్టి ఉంటే వీసా గొడవే లేదు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఏటా మార్చి 20 ప్రాంతం నుంచి ఏప్రిల్ మధ్య దాకా నేషనల్ చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ జరుగుతుంది. జపాన్ వాళ్ళు కానుకగా ఇచ్చిన చెర్రీ చెట్లు పూస్తాయి, పదిహేను లక్షల మంది దాకా వచ్చి చూస్తారు, వేదికల మీద పెద్దలు రెండు దేశాల స్నేహం గురించి మాట్లాడతారు. ఆ స్నేహం చరిత్రను నేను ఓపిగ్గా తిరగేశాను. తేలింది ఒక్కటే: అమెరికా వెళ్ళాలనుకునేవాడు మనిషిగా కాదు, మొక్కగా అప్లై చేసుకోవాలి. ఎగతాళికి అంటున్న మాట కాదిది. కన్సల్టెన్సీలకు ఫీజులు కట్టి, మాక్ ఇంటర్వ్యూలకు వెళ్ళి, చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసే మన పిల్లల మేలు కోరి, పూర్తి బాధ్యతతో రాస్తున్నాను.

మొదట ఒప్పుకోవాల్సింది ఒకటుంది. చెట్లకు కూడా పర్మిషన్ అంత తేలిగ్గా దొరకలేదు. ఎలిజా సిడ్‌మోర్ అనే రచయిత్రి జపాన్ చూసి వచ్చి, పొటోమాక్ నది ఒడ్డున ఈ చెట్లు నాటిద్దామని 1885లో అధికారులను అడిగింది. ఆవిడేమీ అనామకురాలు కాదు, తర్వాత నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ బోర్డులో కూర్చున్న తొలి మహిళ. అయినా 24 ఏళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరగాల్సి వచ్చింది. ఆఫీసర్లు మారారు, జవాబు మారలేదు. ఫైలు కదలకపోవడం మన సచివాలయం సొంత ఆవిష్కరణ అనుకునేవాళ్ళు ఇక్కడ కాస్త తగ్గాలి. చివరికి 1909లో ఆవిడ నేరుగా అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్‌కు ఉత్తరం రాసింది. రెండు రోజుల్లో జవాబొచ్చింది. 24 ఏళ్ళ పని రెండు రోజుల్లో అయిందంటే, సిఫార్సు అనేది కూడా మన దగ్గర పుట్టింది కాదన్నమాట.

అదే సమయానికి జోకిచి తకమినే అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త వాషింగ్టన్‌లో ఉన్నాడు. అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వేరుచేసి బాగా డబ్బు సంపాదించినవాడు. విషయం విని, రెండు వేల చెట్లు నేనిప్పిస్తానన్నాడు. న్యూయార్క్‌లో ఉండే జపాన్ కాన్సుల్, టోక్యో నగరం పేరు మీద ఇస్తే బాగుంటుందన్నాడు. సరేనన్నాడు తకమినే. ఈ ఒక్క వాక్యం దగ్గర మన పాఠకులు ఆగి ఆలోచించాలి. గుడికిచ్చిన ట్యూబులైటు మీద కూడా వెలుతురు కనబడనంత పెద్ద అక్షరాలతో పేరు రాయించుకునే జాతి మనది. ఫ్యాను రెక్క మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరు పేరు రాయించి, అది తిరిగేటప్పుడు చదవడం కుదరట్లేదని బాధపడతాం. ఆయనేమో చెట్లన్నీ ఊరి పేరు మీద రాసేశాడు. ఇలాంటి మనిషి మన సంఘాల్లో కనీసం జాయింట్ సెక్రటరీ కూడా కాలేడు.

ఆ రెండు వేల చెట్లు 1910 జనవరిలో వాషింగ్టన్ చేరాయి. వ్యవసాయ శాఖ వాళ్ళు తనిఖీ చేస్తే పురుగులు, వేళ్ళకు నులిపురుగులు, ఒంటినిండా రోగాలు. అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో వాటిని తగలబెట్టారు. స్నేహ కానుకను కుప్పపోసి నిప్పు పెట్టడం దౌత్య చరిత్రలో అరుదైన ఘట్టమే. కానీ టోక్యో మేయర్ యుకియో ఒజాకి అలగలేదు. పెళ్ళిలో పెట్టిన చీర రంగు నచ్చలేదని మూడు తరాలు మాట్లాడుకోని కుటుంబాలు ఈ మేయర్ ఫొటో ఫ్రేము కట్టించుకోవాలి. ఆయన అరకావా నది గట్టున ఉన్న పేరున్న చెట్ల నుంచి కొమ్మలు తీయించి, అంట్లు కట్టించి, జాగ్రత్తగా పెంచి, ఈసారి 3,020 పంపాడు. అప్లికేషన్ రిజెక్టయితే ఒకటిన్నర రెట్లు పెంచి మళ్ళీ పెట్టారు, పాసైంది. మనుషులు ఇలా చేస్తే ఏమవుతుందో బంజారాహిల్స్‌లో ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా చెబుతాడు.

ఇక అసలు సంగతి. 1912 మార్చి 26న చెట్లు వాషింగ్టన్ చేరాయి. 27న టైడల్ బేసిన్ అనే జలాశయం ఒడ్డున హెలెన్ టాఫ్ట్ ఒకటి, జపాన్ రాయబారి భార్య చిందా ఒకటి నాటారు. రావడం 26న, పర్మనెంట్ రెసిడెన్సీ, అంటే గ్రీన్ కార్డు, 27న! మధ్యలో లేబర్ సర్టిఫికేషన్ లేదు, క్యూలో చోటు చెప్పే ప్రయారిటీ డేట్ లేదు, ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి ఈసారైనా రెండు వారాలు ముందుకు జరిగిందా అని చూసుకోవడం లేదు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న రూలు మనుషులకే. చెర్రీ చెట్లకు దాన్ని పెట్టి ఉంటే 3,020లో 211 మాత్రమే నాటి, మిగతా వాటిని కుండీల్లో ఉంచి, మూడేళ్ళకోసారి కుండీ రెన్యూవల్ చేయించుకోమనేవారు.

అప్పుడు మనుషుల సంగతి ఎలా ఉండేదంటారా? చెట్లు రావడానికి నాలుగైదేళ్ళ ముందే, 1907-08లో, అమెరికాకు కూలీలను పంపకుండా జపాన్‌ను ఒప్పించుకున్నారు. దానికి ‘జెంటిల్మెన్ ఒప్పందం’ అని పేరు. జెంటిల్మెన్ అన్నాక కూలీలు ఎలాగూ ఉండరు కదా. 1922లో తకావో ఒజావా అనే ఆయన, అమెరికాలోనే చదివి, అక్కడే కాపురం పెట్టి, పౌరసత్వం ఇవ్వమంటే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది సుప్రీంకోర్టు. మరుసటి ఏడాది మనవాడు, పంజాబీ, భగత్ సింగ్ థింద్ వెళ్ళాడు. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయనకూ అదే తీర్పు. 1924 చట్టంతో జపాన్ వాళ్ళకు తలుపులు పూర్తిగా మూశారు. ఈలోగా చెట్లు మాత్రం ఏటా పూస్తూనే ఉన్నాయి. టైడల్ బేసిన్ చుట్టూ ఎక్కువగా ఉండే యోషినో రకం పూలు దాదాపు తెల్లగా ఉంటాయి. అందుకే కోర్టు అభ్యంతరం చెప్పలేదేమోనని నా అనుమానం.

చెట్ల పట్ల అమెరికన్ల ప్రేమ నిజమైనది, శంకించడానికి వీల్లేదు. 1938లో జెఫర్సన్ స్మారకం కట్టడానికి కొన్ని చెట్లు తీసేస్తామంటే వాషింగ్టన్ మహిళలు గొలుసులతో తమను చెట్టుకు కట్టేసుకున్నారు. సరిగ్గా అలాంటి మహిళలు ప్రతి ఊరికీ ఉండాలి. మూడేళ్ళకు అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. నాలుగు రోజుల తర్వాత ఎవరో నాలుగు చెర్రీ చెట్లు నరికారు. మిగతావాటిని కాపాడుకోవాలి కదా, అందుకని యుద్ధం అయ్యేదాకా వాటిని ‘జపనీస్’ చెట్లనడం మానేసి ‘ఓరియంటల్’ చెట్లన్నారు. తూర్పున ఎక్కడివో అన్నమాట. చెట్లు బతికిపోయాయి. 1942లో జపాన్ మూలాలున్న లక్షా ఇరవై వేల మందిని, మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే అయినా, ఇళ్ళూ వాకిళ్ళూ వదిలించి ముళ్ళకంచెల శిబిరాలకు పంపారు. వాళ్ళకు పేరు మార్చుకునే సౌకర్యం ఇవ్వలేదు. వాళ్ళ కోసం ఎవరైనా గొలుసులు పట్టుకుని రాజధాని వీధుల్లోకి వచ్చినట్టు నేను ఎక్కడా చదవలేదు.

చెట్లు మనుషుల్లా మనసులో పెట్టుకోవు. 1947లో పండగ మళ్ళీ మొదలైంది. యుద్ధకాలంలో అక్కడ అరకావా గట్టు మీది తల్లి చెట్లు పాడైపోతే, 1952లో వాషింగ్టన్ నుంచే వాటి పిల్లల కొమ్మలు టోక్యోకు వెళ్ళాయి. ఇది మాత్రం వ్యంగ్యానికి లొంగని విషయం, వదిలేస్తున్నాను.

1957లో మికిమోటో కంపెనీ వాళ్ళు 1,585 ముత్యాలు పొదిగిన బంగారు కిరీటం పంపారు. పండగ రాణికి పెట్టాలి. ఒక్కో రాష్ట్రం నుంచీ ఒక్కో అమ్మాయి యువరాణిగా వస్తుంది. రాణిని ఎలా ఎంచుతారో తెలుసా? చక్రం తిప్పుతారు. తిరనాళ్ళలో గుండ్రటి బల్ల తిప్పినట్టే. ముల్లు ఎవరి దగ్గర ఆగితే వారే రాణి. ఆ కిరీటం ఎంత బరువంటే కాసేపుంచి తీసేసి తేలికది పెడతారు. పద్ధతి నాకు బాగా నచ్చింది, కారణం అది మనకు కొత్త కాదు. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా లాటరీ ఫలితాలు వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే, మార్చి నెలాఖరుకు. ఒకే ఊళ్ళో, ఒకే రుతువులో రెండు చక్రాలు తిరుగుతాయి. ఒకదానికి బ్యాండు మేళం, రెండోదానికి టెన్షన్.

ఆ వారం టైడల్ బేసిన్ చుట్టూ ఒక్కసారి నడిచి చూడండి. పక్క రాష్ట్రం వర్జీనియాలోని యాష్‌బర్న్ నుంచి, హెర్న్‌డన్ నుంచి సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి వచ్చిన మనవాళ్ళు చెట్టుకొకరు కనబడతారు. కంచిపట్టు చీర మీద స్వెటర్, స్వెటర్ మీద నెక్లెస్, కింద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న అత్తగారు కొమ్మ కింద నిలబడి ఉంటుంది. కోడలు ఫోన్ అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా తిప్పుతూ ఉంటుంది. కొడుకు కొంచెం ఎడంగా నిలబడి, లాటరీ ఫలితం కోసం లాయర్ పోర్టల్‌ని వేలితో కిందికి లాగి వదులుతూ ఉంటాడు. ఎన్నిసార్లు లాగినా ‘సబ్మిటెడ్’ అనే ఉంటుంది.

“ఏరా, ఇవి కాయలు కాయవూ?” అంటుంది ఆవిడ.

“తినేవి కాయవమ్మా. పూలే.”

“ఎన్నాళ్ళుంటాయి?”

“గాలీ వానా లేకపోతే వారం.”

“దీనికా ఇంతమంది! మన తోటలో మామిడి పూతకి ఎవడైనా వచ్చాడా?”

ఆవిడకు తెలియకుండానే వలస విధానం రహస్యం అక్కడ బయటపడింది. చెర్రీ చెట్టు ఆదర్శ వలసదారు. వస్తుంది, అందంగా నిలబడుతుంది, వారం పూస్తుంది, తినే కాయలు కాయదు. కాస్తే లోకల్ చెర్రీ రైతుల ఉద్యోగాలు లాక్కుందని గొడవయ్యేది. మాట్లాడదు, కాబట్టి యాసకు ఎవరూ నవ్వరు. తల్లిదండ్రులను పిలిపించుకోదు. డిపెండెంట్లు లేరు. అసలు యోషినో చెట్లన్నీ అంటు కట్టి పెంచిన ఒకే చెట్టు నకళ్ళు, అందుకే అన్నీ ఒకేసారి పూస్తాయి. మనవాళ్ళు కూడా ఒకే కన్సల్టెన్సీ పెంచిన ఒకే రెజ్యూమె నకళ్ళతో ఇదే ప్రయత్నం చేశారు గానీ, దాన్ని సౌందర్యంగా గుర్తించడానికి అధికారులు నిరాకరించారు.

పూలు ఎప్పుడు విచ్చుకుంటాయో నేషనల్ పార్క్ సర్వీస్ ముందే ప్రకటిస్తుంది. యోషినో పూలలో 70 శాతం విచ్చుకున్న రోజు ‘పీక్ బ్లూమ్’. 1990లో మార్చి 15కే వచ్చింది, 1958లో ఏప్రిల్ 18 దాకా రాలేదు. తరచూ ఉగాది కూడా ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఊరంతా పూలే, కానీ పచ్చడిలోకి వేపపువ్వు మాత్రం ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్టు కొనుక్కోవాలి. చెర్రీ రేకులు వేద్దామంటే కొమ్మ తుంచడం నేరం.

పండగ చివర్లో ‘సకురా మత్సురి’ అని వీధి జాతర ఒకటి జరుగుతుంది. తైకో డప్పులు, జూడో, కరాటే, రామెన్, తకోయాకి, కార్టూన్ పాత్రల వేషాలు వేసుకున్న అమెరికన్ కుర్రాళ్ళు. టికెట్ ఉంటుంది. నిజం చెప్పాలంటే బాగుంటుంది. పరాయి సంస్కృతిలో తినేదీ, కట్టుకునేదీ, వాయించేదీ అంటే అందరికీ ఇష్టమే. వాటితోపాటు మనుషులు కూడా వస్తారన్న దగ్గరే పేచీ.

స్థానికులకు అన్యాయం జరుగుతోందని ఎవరైనా అంటే 1999 నాటి కేసు గుర్తుచేయాలి. ఆ వసంతంలో కొన్ని చెర్రీ చెట్లు పడిపోయి కనబడ్డాయి. విచారణలో నేరస్థులు బీవర్లని, అంటే చెట్లను పళ్ళతో కొరికి పడగొట్టే జంతువులని తేలింది. అచ్చంగా ఆ నేలమీద పుట్టి పెరిగినవి, తరతరాల స్థానికత ఉన్నవి. పట్టుకుని వేరే చోటికి తరలించారు. వలస వచ్చినవాళ్ళ కోసం స్థానికులను డిపోర్ట్ చేసిన ఘటన నాకు తెలిసి ఇదొక్కటే. 2024లో టైడల్ బేసిన్ గట్టు గోడ కుంగిపోతోందని కొత్తది కట్టడానికి నూటయాభై దాకా చెర్రీ చెట్లు తీసేశారు. వాటిలో ‘స్టంపీ’ అని బోలుపోయిన మోడు ఒకటుంది. దానికి జనం బారులు తీరి వీడ్కోలు చెప్పారు, కొందరు ఏడ్చారు, దాని కొమ్మలు తీసి వారసులను పెంచుతున్నారు. ఇరవై ఏళ్ళు పన్నులు కట్టి లేఆఫ్ అయి, వీసా రూలు ప్రకారం 60 రోజుల్లో పెట్టె సర్దుకునే మనవాడికి ఎయిర్‌పోర్టులో బారులు తీరిన జనం కనబడరు. అతను తప్పు చేశాడు. నీటి ఒడ్డున వంగి నిలబడి పూయాల్సింది.

ఆ ఏడాదే జపాన్ ప్రధాని కిషిదా వచ్చి, అమెరికా 250వ పుట్టినరోజు కానుకగా 250 కొత్త చెట్లు ఇస్తామన్నాడు. లాటరీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇది చూసి అమెరికాలోని మన తెలుగు సంఘాలు కూడా ఊరుకోకూడదని నా సూచన. తెలుగువారి తరఫున వాషింగ్టన్‌కు వేపచెట్లు కానుకగా ఇవ్వాలి. ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పగలను. వేపా, మామిడా అన్న దగ్గర కార్యవర్గం రెండుగా చీలుతుంది. రాజమండ్రి కడియం నర్సరీ నుంచి తేవాలని కొందరు, అది ప్రాంతీయ పక్షపాతమని కొందరు. తెలంగాణ వాళ్ళు జమ్మి అంటారు. జమ్మిని ఎవరూ కాదనలేరు కాబట్టి దానికి వేరే సబ్ కమిటీ వేస్తారు. రెండు సంఘాలూ ఒకే శనివారం, వేరువేరు హైస్కూలు ఆడిటోరియాల్లో మొక్కల ఆవిష్కరణ పెట్టుకుని, సినిమా హీరోయిన్‌ను ఒకరు, సంగీత దర్శకుడిని ఇంకొకరు పిలుస్తారు. ప్లాటినం దాతల పేర్లు ఎంత పెద్ద బోర్డు మీద ఉంటాయంటే దాని నీడలో మొక్కకు ఎండ తగలదు. వాషింగ్టన్ చలికి వేప బతకదన్న విషయం ఎజెండాలో ఆఖరి అంశంగా ఉంటుంది. అక్కడిదాకా మీటింగు ఎన్నడూ వెళ్ళదు, ఎందుకంటే అప్పటికి భోజనాల లైను మొదలైపోతుంది.